విసిరిన రాయి దారి

పాఠ్యభాగ ఉద్దేశం

గెలీలియో పేరు వినగానే మనకు దూరదర్శిని, భూభ్రమణ వాదం, మతన్యాయస్థానం ముందు జరిగిన విచారణ గుర్తుకు వస్తాయి. అయితే యౌవనం నుంచి వార్ధక్యం వరకు ఆయనను వెన్నంటిన ప్రశ్న మరొకటి ఉంది. విసిరిన వస్తువు ఏ దారిన పోతుంది అన్నదే ఆ ప్రశ్న. దానికి సమాధానం కనుక్కోవడానికి, కనుక్కున్నదాన్ని లోకానికి అందించడానికి ఒక మనిషి పడిన శ్రమను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మామిడితోపులో రాయి విసరని బాల్యం అరుదు. చేతిని విడిచిన రాయి పైకి లేస్తుంది, వంపు తిరుగుతుంది, నేలకు వాలుతుంది. జొన్నచేలో మంచె మీద నిలిచి వడిసెల తిప్పే రైతుకు ఏ వాటంగా వదిలితే రాయి ఎంత దూరం పోతుందో అనుభవం వల్ల తెలుసు. మైదానంలో బంతి గాలిలోకి లేవగానే అది ఎక్కడ పడుతుందో అంచనా కట్టి పరుగెత్తే ఆటగాడికీ తెలుసు. కంటికి, చేతికి ఇంత సులభంగా తెలిసిన ఈ విషయం బుద్ధికి అందడానికి మాత్రం రెండువేల సంవత్సరాల కాలం పట్టింది. ఆ వంపు ఏ రేఖ, అది అలాగే ఎందుకు ఉంటుంది అన్న ప్రశ్నకు సరైన సమాధానం చెప్పినవాడు గెలీలియో.

గెలీలియో గెలీలీ 1564వ సంవత్సరం ఫిబ్రవరి 15వ తేదీన ఇటలీలోని పీసా నగరంలో జన్మించాడు. తండ్రి విన్సెంజో, తల్లి జూలియా. విన్సెంజో ల్యూట్ అనే తంత్రీవాద్యంలో నేర్పరి, సంగీతశాస్త్రంలో పండితుడు. తీగ బిగువుకు, స్వరం హెచ్చుకు ఉన్న సంబంధాన్ని గురించి ప్రాచీన గ్రంథాలలో ఒక లెక్క ఉండేది. తీగకు వేలాడదీసిన బరువును రెట్టింపు చేస్తే స్వరం ఒక స్థాయి పెరుగుతుందని దాని సారాంశం. విన్సెంజో ఆ మాటను నమ్మి ఊరుకోలేదు. తీగలకు బరువులు కట్టి, మీటి, విని పరీక్షించాడు. రెట్టింపు బరువు చాలదని, నాలుగు రెట్ల బరువు కావాలని తేల్చాడు. పూర్వులు చెప్పినదైనా పరీక్షకు నిలవాలన్న ఈ పట్టుదల కుమారుడికి పిత్రార్జితంగా సంక్రమించింది.

ఆ కుటుంబానికి వంశగౌరవం ఉన్నంతగా ధనం లేదు. కుమారుడు వైద్యుడైతే ఇల్లు నిలబడుతుందని తండ్రి ఆశించాడు. ఆ ఆశతోనే 1581లో గెలీలియోను పీసా విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేర్పించాడు. కాని యువకుడి మనస్సు వైద్యగ్రంథాల మీద నిలవలేదు. టస్కనీ పాలకుల ఆస్థానంలో గణితవేత్త అయిన ఒస్తీలియో రిచ్చి బోధన విన్న తరువాత ఆయన యూక్లిడ్ రేఖాగణితానికి, ఆర్కిమెడిస్ గ్రంథాలకు దాసుడయ్యాడు. 1585లో పట్టా పొందకుండానే విశ్వవిద్యాలయం విడిచిపెట్టాడు. నాలుగు సంవత్సరాలు పిల్లలకు గణితం చెప్పుకుంటూ గడిపి, 1589లో అదే పీసా విశ్వవిద్యాలయంలో గణితోపన్యాసకుడిగా చేరాడు. వేతనం ఏడాదికి 60 స్కూడీలు. అది చాలా స్వల్పం. 1591లో తండ్రి మరణించడంతో కుటుంబ భారమంతా ఆయన భుజాల మీద పడింది. 1592లో వెనీస్ రాజ్యంలోని పాడువా విశ్వవిద్యాలయం ఆయనను ఆహ్వానించింది. అక్కడ గడిపిన 18 సంవత్సరాలు ఆయన పరిశోధనకు పంటకాలం.

ఆనాటి విశ్వవిద్యాలయాలలో చలనాన్ని గురించిన బోధన క్రీస్తుపూర్వం 4వ శతాబ్దానికి చెందిన అరిస్టాటిల్ సిద్ధాంతాల మీద ఆధారపడి ఉండేది. బరువైన వస్తువు భూకేంద్రం వైపు పోవడం దానికి సహజచలనం. దాన్ని పైకో పక్కకో నెట్టడం బలాత్కృత చలనం. నెట్టేది ఒకటి తగిలి ఉన్నంతవరకే బలాత్కృత చలనం సాగుతుంది. మరి చేతిని విడిచిన రాయిని నెట్టేది ఏది? చుట్టూ ఉన్న గాలే నెడుతుందని ఆ సిద్ధాంతం చెప్పిన సమాధానం. మధ్యయుగంలో కొందరు పండితులకు ఇది రుచించలేదు. విసిరేవాడు రాయిలో ఒక ప్రేరణశక్తిని నింపుతాడని, అది తరిగిపోయాక రాయి కింద పడుతుందని వారు ఊహించారు. ఏ పక్షం వారూ రాయి దారిని కొలిచి చూడలేదు.

యుద్ధరంగంలోకి ఫిరంగులు వచ్చిన తరువాత ఈ ప్రశ్న పండితుల చర్చకే పరిమితం కాకుండా పోయింది. ఫిరంగిని ఎంత ఎత్తితే గుండు ఎంత దూరం పోతుందన్నది కోటల తలరాతను మార్చే విషయమైంది. 1531లో వెరోనా నగరంలోని ఒక ఫిరంగిదళ నిపుణుడు ఇదే ప్రశ్నను నికొలో తార్తాలియా అనే గణితవేత్త ముందు ఉంచాడు. తార్తాలియా నిరుపేద. పసితనంలో సైనికుల కత్తివేటుకు దవడ తెగి, మాట తడబడేది. తార్తాలియా అంటే నత్తివాడని అర్థం. ఎవరో పెట్టిన ఆ పేరునే ఆయన తన పేరుగా నిలుపుకొన్నాడు. ఫిరంగిని 45 డిగ్రీల కోణంలో ఎత్తినప్పుడు గుండు గరిష్ఠ దూరం పోతుందని ఆయన 1537లో ప్రకటించిన గ్రంథంలో చెప్పాడు. ఆ మాట నిజమే. కాని గుండు దారిని మాత్రం ఆయన పాత పద్ధతిలోనే చిత్రించాడు. మొదట ఏటవాలుగా ఒక సరళరేఖ, తరువాత ఒక వృత్తఖండం, చివరకు నిట్టనిలువుగా నేలకు దిగే మరొక సరళరేఖ. ఇలా మూడు ముక్కలు అతికించిన దారి అది.

గెలీలియోకు గ్విడొబాల్డో దెల్ మోంతే అనే గణితవేత్త ఆప్తమిత్రుడు. పీసాలోను, పాడువాలోను ఆయనకు ఉద్యోగం లభించడానికి ఈ మిత్రుడి అండ తోడ్పడింది. ఒక గుండును సిరాలో ముంచి, వాలుగా నిలిపిన తలం మీద ఏటవాలుగా విసిరి, అది గీసే గీతను పరిశీలించిన ప్రయోగం గ్విడొబాల్డో రాతప్రతిలో ఉంది. ఎక్కేటప్పటి వంపు, దిగేటప్పటి వంపు ఒకదానికొకటి ప్రతిబింబంలా ఉన్నాయి. తార్తాలియా చిత్రించిన మూడు ముక్కల దారికి, ఈ గీతకు పొంతన లేదు. గొలుసును రెండు కొసలు పట్టి వేలాడదీస్తే ఏర్పడే వంపులా అది కనిపించింది. ఆ గీత ఏమిటో ఊహించడం ఒక ఎత్తు, అది అలాగే ఉండి తీరాలని నిరూపించడం మరొక ఎత్తు. అందుకు ముందుగా వస్తువు కిందికి ఎలా పడుతుందో తెలియాలి.

గెలీలియో పీసాలోని వాలుగోపురం మీది నుంచి బరువులు జారవిడిచాడన్న కథ సుప్రసిద్ధం. దాన్ని ఆయన మరణానంతరం శిష్యుడు వివియాని రాసిన జీవితచరిత్ర ప్రచారంలోకి తెచ్చింది. చరిత్రకారులలో చాలామంది ఆ సంఘటనను సందేహిస్తారు. ఆయన ఫలితాన్ని సాధించింది గోపురం మీద కాదు, పాడువాలో ఒక కొయ్యపలక మీద. నేరుగా పడే వస్తువు కన్ను మూసి తెరిచేలోగా నేలను చేరుతుంది. ఆ కాలంలో దాన్ని కొలిచే గడియారం లేదు. కనుక ఆయన పతనాన్ని నెమ్మదింపజేసే ఉపాయం ఆలోచించాడు. సుమారు 7 మీటర్ల పొడవైన పలకలో సన్నని గాడి తీయించి, నునుపైన తోలుకాగితం అతికించి, ఒక కొసను కొద్దిగా ఎత్తి, కంచుగుండును ఆ గాడిలో జారవిడిచాడు. పెద్ద పాత్ర అడుగున అమర్చిన సన్నని గొట్టం నుంచి ఆ లోగా కారిన నీటిని పట్టి, త్రాసులో తూచి కాలాన్ని లెక్కించాడు. ఒకసారి కాదు, నూరు పర్యాయాలు చేసి చూశానని తరువాత గ్రంథంలో తెలిపాడు.

ఆ నీటి బొట్ల నుంచి ఒక అందమైన నియమం బయటపడింది. మొదటి కాలాంశంలో గుండు ఒక వంతు దూరం పోతే, రెండవ కాలాంశంలో మూడు వంతులు, మూడవదానిలో అయిదు వంతులు, నాల్గవదానిలో ఏడు వంతులు పోతుంది. మొత్తం దూరాలను కూడితే 1, 4, 9, 16 అవుతాయి. అంటే పతనదూరం కాలవర్గానికి అనుపాతంలో ఉంటుంది. బరువులోని హెచ్చుతగ్గులకు ఇందులో ప్రమేయం లేదు.

నియమం దొరికినా కారణం దొరకలేదు. ఇక్కడ గెలీలియో ఒక పొరపాటు చేశాడు. 1604లో మిత్రుడు పావొలో సార్పీకి రాసిన లేఖలో, పడే వస్తువు వేగం పడిన దూరాన్ని బట్టి పెరుగుతుందని ప్రతిపాదించాడు. నిజానికి వేగం పెరిగేది గడిచిన కాలాన్ని బట్టి. చూడడానికి స్వల్పమైన ఈ తేడాను గుర్తించడానికి ఆయనకు మరికొన్ని సంవత్సరాలు పట్టింది. గొప్ప విషయం ఏమిటంటే, తన చివరి గ్రంథంలో ఆయన ఈ తప్పును దాచుకోలేదు. గ్రంథకర్త కూడా కొంతకాలం ఈ భ్రమలోనే ఉండేవాడని అందులోని ఒక పాత్ర చేత చెప్పించాడు.

1608 ప్రాంతంలో ఆయన చేసిన మరొక ప్రయోగానికి చెందిన కాగితం ఫ్లారెన్స్‌లోని జాతీయ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. 1970 దశకంలో పరిశోధకులు దాని ప్రాముఖ్యాన్ని గుర్తించారు. బల్ల మీద అమర్చిన వాలుపలక నుంచి గుండును దొర్లించి, బల్ల అంచున అది క్షితిజ సమాంతరంగా గాలిలోకి దూకేటట్లు చేశాడు. అది నేల మీద ఎంత దూరాన పడిందో కొలిచాడు. ఆయన వాడిన కొలత పుంతో. అది ఒక మిల్లీమీటరు కంటె కొంచెం తక్కువ. బల్ల ఎత్తు 828 పుంతోలు. గుండును 300 పుంతోల ఎత్తు నుంచి దొర్లించినప్పుడు అది 800 పుంతోల దూరాన పడింది. ఎత్తును రెట్టింపు చేసి 600 పుంతోలు చేస్తే గుండు ఎంత దూరాన పడాలి? వేగం ఎత్తు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది, బల్ల అంచు నుంచి నేలకు చేరే కాలం మాత్రం మారదు. ఆ లెక్కన 1131 పుంతోల దూరాన పడాలి. కొలిచి చూస్తే 1172 వచ్చింది. 1000 పుంతోల ఎత్తు నుంచి దొర్లించినప్పుడు లెక్క ప్రకారం 1460, కొలతకు వచ్చినది 1500. గెలీలియో రెండు అంకెలనూ రాసి, వాటి మధ్య భేదాన్ని కూడా పక్కనే వేశాడు. 41, 40 అన్న ఆ భేదాలను చెరిపివేయడానికి గాని, కొలతను లెక్కకు అనుగుణంగా సవరించడానికి గాని ఆయన ప్రయత్నించలేదు. నూటికి నాలుగు వంతుల లోపు తేడాతో లెక్క, లోకం ఒకే మాట చెబుతున్నాయి. ఆయనకు కావలసినది అదే.

ఆ కాగితంలో ఇమిడి ఉన్న ఆలోచన ఇది. విసిరిన రాయి చేసేది ఒక చలనం కాదు, రెండు. ఒకటి క్షితిజ సమాంతరంగా ముందుకు సాగేది. దానికి అడ్డు లేనంతవరకు అది మారని వేగంతో సాగుతుంది. దాన్ని నెట్టడానికి గాలి అక్కరలేదు, లోపల నింపిన శక్తీ అక్కరలేదు. రెండవది నిట్టనిలువుగా కిందికి పడేది. అది క్షణక్షణానికి వేగం పుంజుకుంటుంది. ఈ రెండూ ఒకే రాయిలో ఒకదానికొకటి అడ్డు రాకుండా ఏకకాలంలో జరుగుతాయి. ఒక మేడ మీది నుంచి రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో క్షితిజ సమాంతరంగా విసిరామని అనుకుందాం. గాలి అడ్డును లెక్కలోకి తీసుకోకపోతే, అది ఒకటి, రెండు, మూడు సెకన్లలో 10, 20, 30 మీటర్లు ముందుకు పోతుంది. అదే సమయంలో సుమారు 5, 20, 44 మీటర్లు కిందికి దిగుతుంది. ఈ బిందువులను కలిపితే వచ్చే వంపును ప్రాచీన గ్రీకు గణితవేత్తలు శంకువును కోసి సాధించిన పరావలయంగా గుర్తించవచ్చు. విసరకుండా అక్కడి నుంచే జారవిడిచిన రాయి కూడా విసిరిన రాయితో పాటే నేలను తాకుతుంది. ముందుకు సాగే వేగం పతనాన్ని ఆలస్యం చేయదు.

ఏటవాలుగా పైకి విసిరినా ఇదే సూత్రం. సెకనుకు 20 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో విసిరిన వస్తువు సమతలం మీద సుమారు 41 మీటర్ల దూరాన పడుతుంది. ఆ వేగానికి అదే గరిష్ఠ వ్యాప్తి. 30 డిగ్రీల కోణంలో విసిరితే సుమారు 35 మీటర్లు. 60 డిగ్రీల కోణంలో విసిరినా అవే 35 మీటర్లు. మొదటిది 5 మీటర్ల ఎత్తున దూసుకుపోతుంది, రెండవది 15 మీటర్ల ఎత్తుకు లేచి దిగుతుంది. రెండూ చేరేది ఒకే చోటికి. 45 డిగ్రీలకు ఇరువైపులా సమానమైన తేడాతో ఉన్న కోణాలు సమానమైన వ్యాప్తిని ఇస్తాయని గెలీలియో నిరూపించాడు. తార్తాలియా చెప్పగలిగిన 45 డిగ్రీల మాటకు ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం అప్పుడు లభించింది.

ఇంతటి ఫలితం చేతికి వచ్చినా గెలీలియో దాన్ని వెంటనే ప్రకటించలేదు. 1609లో దూరదర్శిని వార్త ఆయన చెవిన పడింది. స్వయంగా కటకాలను సానపట్టి, అంతకంటె శక్తిమంతమైన దూరదర్శినిని తయారు చేశాడు. చంద్రుడి మీద పర్వతాలను, 1610 జనవరిలో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగు ఉపగ్రహాలను చూశాడు. నేల మీది రాయి పక్కకు తప్పుకుంది, ఆకాశం ఆయనను ఆక్రమించింది. అదే సంవత్సరం టస్కనీ ప్రభువు ఆస్థానంలో ప్రధాన గణితవేత్తగా, తత్త్వవేత్తగా ఫ్లారెన్స్ చేరుకున్నాడు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని ఆయన సమర్థించడం మతాధికారులకు కంటగింపు అయింది. ఆ సిద్ధాంతాన్ని సత్యంగా ప్రతిపాదించరాదని 1616లో రోము నగరంలో హెచ్చరిక అందింది.

1632 ఆయనకు రెండు విధాల గడ్డుకాలం. ఆ ఏడాది ఫ్లారెన్స్‌లో వెలువడిన సంవాదగ్రంథంలో ఆయన భూభ్రమణ వాదాన్ని వివరంగా చర్చించాడు. దానితో మతన్యాయస్థానం ఆయనను రోముకు పిలిపించింది. అదే ఏడాది బొలోన్యా నగరంలో కవాలియెరీ అనే యువగణితవేత్త ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో విసిరిన వస్తువు దారి పరావలయమన్న మాట అచ్చులో కనిపించింది. కవాలియెరీ గెలీలియో శిష్యపరంపరలోనివాడు. నలభై ఏళ్ల తన శ్రమఫలం మరొకరి పుస్తకం ద్వారా లోకానికి తెలియడం గెలీలియోను కలచివేసింది. ఆ ఘనత గురువుదేనని కవాలియెరీ వినయంగా విన్నవించుకోవడంతో ఆ వివాదం సమసిపోయింది. కాని చేతిలో ఉన్న సత్యాన్ని రాతప్రతులలో ఉంచుకుంటే అది ఎవరికీ చెందకుండా పోవచ్చునన్న హెచ్చరిక ఆ సంఘటనలో ఉంది.

1633 జూన్ 22న, 69 ఏళ్ల వయస్సులో, రోములోని ఒక మఠంలో గెలీలియో మోకరిల్లి, భూమి కదులుతుందన్న అభిప్రాయాన్ని పరిత్యజిస్తున్నట్లు ప్రమాణం చేశాడు. లేచి నిలబడుతూ నేలను కాలితో తన్ని ధిక్కారవచనం పలికాడన్న కథకు సమకాలీన ఆధారం లేదు. ఆయన భయపడ్డాడు, లొంగిపోయాడు. దీన్ని దాచి ఆయనను వీరుడిగా చిత్రించవలసిన అవసరం లేదు. ఆయన విధేయతకు ప్రతిఫలంగా దక్కింది యావజ్జీవ నిర్బంధం, గ్రంథాల నిషేధం, కొత్త గ్రంథాల ముద్రణకు ప్రతిబంధకం. ఆ తరువాత మిగిలిన ఎనిమిదిన్నర సంవత్సరాలు ఆయన ఎలా గడిపాడన్నదే ఆయన జీవితానికి అసలైన పరీక్ష.

మొదట సియెన్నా నగరంలోని ఆర్చిబిషప్ ఆస్కానియో పిక్కొలోమిని ఆయనకు ఆశ్రయమిచ్చాడు. ఖైదీగా కాక అతిథిగా ఆదరించాడు. ఆ ఇంట్లోనే గెలీలియో తిరిగి కలం పట్టి, ఇరవై అయిదేళ్ల నాటి చలనశాస్త్ర ఫలితాలను గ్రంథంగా కూర్చడం ప్రారంభించాడు. 1633 డిసెంబరులో ఫ్లారెన్స్ శివార్లలోని ఆర్చెత్రి గ్రామంలో తన ఇంటికి చేరడానికి అనుమతి లభించింది. ఆ ఇంటికి సమీపంలోని సన్యాసినీ మఠంలో ఆయన పెద్దకుమార్తె వర్జీనియా ఉండేది. సన్యాసదీక్షలో ఆమె పేరు మరియా చెలెస్తే. తండ్రికి విధించిన శిక్షలో వారానికి ఒకసారి ఏడు పశ్చాత్తాప కీర్తనలు చదవాలన్న నియమం ఉంది. ఆ భారాన్ని ఆమె తన మీద వేసుకుంది. తండ్రి ఇల్లు చేరిన మూడు నాలుగు నెలలకే, 1634 ఏప్రిల్ 2న, 33 ఏళ్ల వయస్సులో ఆమె కన్నుమూసింది. ఆ దుఃఖంలో గెలీలియో కొంతకాలం అన్నపానాలకు, నిద్రకు దూరమయ్యాడు. కాని గ్రంథాన్ని విడిచిపెట్టలేదు.

గ్రంథం పూర్తి కావచ్చింది. ఇటలీలో అచ్చువేసే వీలు లేదు. హాలెండు దేశపు లైడెన్ నగరంలో ఎల్జెవీర్ కుటుంబం వారి ముద్రణాలయం ప్రసిద్ధమైనది. రోము మతన్యాయస్థానం ఆజ్ఞ అక్కడ చెల్లదు. రాతప్రతి దేశం దాటి అక్కడికి చేరింది. రెండు నూతన శాస్త్రాలను గురించిన ఆ సంవాదగ్రంథం 1638లో వెలువడింది. గ్రంథాన్ని అంకితం పొందిన ఫ్రెంచి రాయబారి నొవాయ్ ప్రభువు చేతికి ఇచ్చిన ప్రతి తనకు తెలియకుండానే అచ్చుకు వెళ్లిందన్నట్లుగా గెలీలియో ముందుమాటలో రాశాడు. అది ఆత్మరక్షణకు చేసిన నటన.

ఆ గ్రంథంలో సాల్వియాతి, సగ్రేదో, సింప్లిసియో అనే ముగ్గురు నాలుగు దినాలు సంభాషిస్తారు. సాల్వియాతి, సగ్రేదో గెలీలియోకు నిజజీవితంలో మిత్రులు. అప్పటికి ఇద్దరూ మరణించారు. తనను విడిచిపోయిన మిత్రులను పాత్రలుగా బతికించుకొని, తన సిద్ధాంతాన్ని వారి చేత చెప్పించాడు. వస్తువుల దృఢత్వం, పతన నియమం ముందు దినాలలో చర్చకు వస్తాయి. నాల్గవ దినమంతా ప్రక్షేపకాలది. ఏ కోణంలో విసిరితే ఎంత వ్యాప్తి, ఎంత ఎత్తు అన్నది పట్టికలుగా కూర్చి ఇచ్చాడు. ఆకాశాన్ని గురించి మాట్లాడరాదని నోరు మూయించిన చోట ఆయన నేల మీది రాయిని గురించి మాట్లాడాడు. ఆ మాటలో మతాధికారులకు తప్పు పట్టదగినది ఏదీ కనిపించలేదు.

పుస్తకం అచ్చయి వచ్చేనాటికి దాన్ని చదువుకునే భాగ్యం ఆయనకు లేదు. 1637లో ఒక కన్ను, 1638 ఆరంభానికి రెండవ కన్ను పూర్తిగా చూపు కోల్పోయాయి. అంతవరకు ఏ మానవుడూ చూడని బృహస్పతి ఉపగ్రహాలను చూసిన కన్నులు అవి. ఆ స్థితిలోనూ ఆయన ఆలోచన ఆగలేదు. 1639 నుంచి 17 ఏళ్ల వివియాని ఆయన వద్దనే ఉండి రాతపనిలో తోడ్పడ్డాడు. 1641 చివరి నెలలలో టోరిసెల్లి వచ్చి చేరాడు. వాయుభారమాపకాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్తగా మన విద్యార్థులకు ఆయన పరిచితుడే. 1642 జనవరి 8న ఆర్చెత్రిలోనే గెలీలియో తుదిశ్వాస విడిచాడు. ఘనంగా సమాధి నిర్మించడానికి ఆనాటి పోపు అంగీకరించలేదు. ఫ్లారెన్స్‌లోని శాంతా క్రోచె దేవాలయంలో ఒక చిన్న గదిలో ఆయన భౌతికకాయాన్ని ఉంచారు. 1737లో మాత్రమే దానికి స్మారకచిహ్నంతో కూడిన సమాధి ఏర్పడింది.

గెలీలియో చెప్పినదంతా నిర్దుష్టం కాదు. వేలాడే గొలుసు వంపు పరావలయానికి చాలా దగ్గరగా ఉన్నా, అది పరావలయం కాదు. దాని నిజస్వరూపాన్ని గణితవేత్తలు 1691లో తేల్చారు. గాలి అడ్డు వల్ల వస్తువు దారి మారుతుందని ఆయనకు తెలుసు. మహావేగంతో పోయే ఫిరంగిగుండుకు తన లెక్క అతకదని ఆయనే హెచ్చరించాడు. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఆంగ్ల గణితవేత్త గుండ్ల వేగాన్ని కొలిచి, ఆ అడ్డు ఎంత ప్రబలమో వెల్లడించాడు. వస్తువులు ఎందుకు పడతాయన్న ప్రశ్నను గెలీలియో ముట్టుకోలేదు. ఎలా పడతాయన్నదానికే పరిమితమయ్యాడు. ఎందుకు అన్నది 1687లో ప్రకటించిన గ్రంథంలో న్యూటన్ చేపట్టాడు. ఎత్తైన పర్వతం మీది నుంచి తగినంత వేగంతో విసిరిన వస్తువు నేలను తాకకుండా భూమి చుట్టూ తిరుగుతూనే ఉంటుందని ఆయన వివరించాడు. అంటే విసిరిన రాయికి, ఆకాశంలో తిరిగే చంద్రుడికి నియమం ఒక్కటే. 1971 ఆగస్టు 2న గాలి లేని చంద్రుడి మీద నిలిచి వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక సుత్తిని, ఒక పక్షి ఈకను ఒకేసారి జారవిడిచాడు. రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఆ దృశ్యం చూసిన లోకం గెలీలియోను తలుచుకుంది. 1992లో పోపు రెండవ జాన్ పాల్ గెలీలియో విషయంలో ఆనాటి న్యాయనిర్ణేతలు పొరబడ్డారని అంగీకరించాడు.

నిర్బంధం మనిషిని గుమ్మం దాటకుండా ఆపగలదు. అంధత్వం పుస్తకాన్ని కంటికి దూరం చేయగలదు. కాని తెలిసిన సత్యాన్ని తెలిసినంతవరకు చెప్పి తీరాలన్న తపనను ఆ రెండూ ఆపలేకపోయాయి. ఆ తపన వెనుక నలభై ఏళ్ల ఓర్పు ఉంది, తప్పును తప్పుగా ఒప్పుకున్న నిజాయితీ ఉంది. 1131 రావలసిన చోట 1172 వస్తే ఆ రెండింటినీ పక్కపక్కన రాసి, మధ్య భేదం 41 అని నమోదు చేసిన ఆ కాగితంలో గెలీలియో వ్యక్తిత్వం కనిపిస్తుంది. ప్రయోగశాలలో తమ కొలత పుస్తకంలోని అంకెతో సరిపోలనప్పుడు అంకెను దిద్దుకోవాలన్న తొందర విద్యార్థులకు కలగడం సహజం. అటువంటి సమయంలో గుర్తు చేసుకోదగిన కాగితం అది.

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. విసిరిన వస్తువు దారిని గురించి గెలీలియోకు పూర్వం ఉన్న అభిప్రాయాలను వివరించి, ఆయన సాధించిన ఫలితాన్ని తెలపండి.
2. ఆర్చెత్రి నిర్బంధంలో గెలీలియో గడిపిన జీవితాన్ని, గ్రంథరచనకు ఆయన పడిన శ్రమను వర్ణించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. విన్సెంజో నుంచి గెలీలియోకు సంక్రమించిన గుణం ఏది?
2. గెలీలియో వాలుపలకను ఎందుకు ఉపయోగించాడు? కాలాన్ని ఎలా కొలిచాడు?
3. కవాలియెరీ గ్రంథం గెలీలియోను ఎందుకు కలచివేసింది?
4. 1608 ప్రాంతపు ప్రయోగపత్రం ద్వారా విద్యార్థులు గ్రహించదగినది ఏమిటి?